లూజు పనీర్‌లో పిండి: లో-కార్బ్ తినేవాళ్లు జాగ్రత్త

నల్గొండలో లో-కార్బ్ డైట్ (అన్నం, చక్కెర లాంటి కార్బోహైడ్రేట్లు, అదే కార్బ్, తగ్గించి తినడం) చేస్తూ, విడిగా కోసి అమ్మే పనీర్ కొనేవాళ్ల కోసం ఈ పోస్టు. ఇంట్లో షుగర్ పేషెంట్లుంటే తప్పకుండా చదవండి.

గడియారం సెంటర్ వైపు ఒక షాపులో కిలో పనీర్ తీసుకున్నాం. ల్యాబ్ రిపోర్టు లేదు కాబట్టి పేరు రాయను. ప్యాకెట్ పనీర్ కంటే బాగా చవక. "పొద్దున చేసిందే అన్నా" అన్నాడు. రాత్రి అమ్మ అన్నం మానేసి వెన్నలో వేయించిన పనీర్, క్యాప్సికం మాత్రమే తిన్నది. రెండు గంటలాగి చూస్తే షుగర్ ఎప్పుడూ లేనంత పైకి పోయింది.

పెనం మీదే తేడా కనిపించింది. అంచులు ఎర్రబడాల్సింది పోయి ముక్కలు అతుక్కుని, అడుగున గంజిలాగ జిగురు తేలింది. మిగిలిన ముక్కను నీళ్లలో ఉడికించి, చల్లారాక మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ రెండు మూడు చుక్కలు వేశాం. ముదురు నీలం! అంటే స్టార్చ్, అదే పిండి, ఉన్నట్టే. నీలం రాకపోయినా పూర్తిగా నమ్మలేం, పాల కొవ్వు బదులు నూనె కలిపితే ఈ పరీక్షకు దొరకదు. పరీక్ష చేసిన ముక్క పారేయండి.

అడగబోతే "మేం చేసేది కాదు, బయటి నుంచి వస్తది, బిల్లు ఉందా?" అన్నాడు. బిల్లు ఇచ్చిందెప్పుడు!

రేటు దగ్గరే లెక్క వేసుకోవచ్చు. లీటరు బర్రె పాలు విరగ్గొడితే సుమారు 200 గ్రాముల పనీర్ వస్తుంది. కిలోకు ఐదు లీటర్లు. ఆ పాల ఖర్చు కంటే తక్కువకు అమ్ముతున్నాడంటే అందులో ఉన్నది పాలు ఒక్కటే కాదు. పాలలోని చక్కెర, అదే లాక్టోజ్, ఎక్కువగా విరిగిన నీళ్లతోనే పోతుంది. అందుకే అసలు పనీర్‌లో కార్బ్ అంత తక్కువ. పిండి కలిపితే ఆ లెక్కంతా గల్లంతు.

మిగతా పాల పదార్థాలకొస్తే, 100 మి.లీ. పాలలో సుమారు 5 గ్రాముల కార్బ్ ఉంటుంది, గ్లాసుకు 10. లాక్టోజ్ లేని పాలలోనూ అంతే, ఆ చక్కెర విడిపోయి ఉంటుంది తప్ప ఎక్కడికీ పోదు. పెరుగు తోడుకునేటప్పుడు కొంత తగ్గుతుంది, మొత్తం కాదు. నీళ్లు బాగా పోసి చిలికిన చల్ల నయం. నెయ్యితో బాధే లేదు. నాకు ఒళ్లు మండేది పండ్ల రుచుల యోగర్ట్ కప్పులతోనే: ముందు "హై ప్రోటీన్" అని పెద్దక్షరాలు, వెనక మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే కార్బ్). చక్కెర కలపలేదని రాసినా వెనక 'కార్బోహైడ్రేట్' వరుస చూడండి. ఆ అంకె 100 గ్రాములకా, కప్పుకా అన్నది కూడా చూసుకోవాలి.

ఫిర్యాదు చేయాలంటే బిల్లు తీసుకుని జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌ను కలవండి. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం ఫీజు కట్టి మనమే శాంపిల్ పరీక్ష చేయించుకోవచ్చు. కాకపోతే కొనేటప్పుడే ఆ సంగతి షాపువాడికి చెప్పాలి.

మిర్యాలగూడ, దేవరకొండ వైపు కళ్ల ముందే పాలు విరగ్గొట్టి ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అప్పటిదాకా మా ఇంట్లో నిమ్మకాయ పిండుకుని చేసుకోవడమే.