మల్టీమీటరుతో కారు స్టార్టింగ్ సమస్య పట్టడం: నాలుగేళ్ళ వాడకం తర్వాత

పదిసార్లు తాళం తిప్పితే తొమ్మిదిసార్లు సెల్ఫ్ కొట్టి, పదోసారి మొరాయించే కారు మెకానిక్ ముందుకు వెళ్ళేసరికి చక్కగా స్టార్ట్ అవుతుంది. కనబడని రోగానికి ఆయన అంచనా మీదే మందు వేయాలి. ముందు బ్యాటరీ మారుతుంది, తర్వాత సెల్ఫ్ మోటారు, ఆ తర్వాత తాళం స్విచ్చి. వేలల్లో ఖర్చయ్యాక కూడా సమస్య అక్కడే ఉంటుంది. ఇలాంటి వాటి కోసమే నాలుగేళ్ళుగా ఒక మధ్యరకం డిజిటల్ మల్టీమీటరు (వోల్టులు, కరెంటు, తీగల్లోని అడ్డు కొలిచే చిన్న పరికరం) వాడుతున్నాను. వాడింది నల్లగొండ ఎండల్లో, ఒక పెట్రోల్ కారు మీద, ఒక డీజిల్ బండి మీద. సెల్ఫ్ తిరగకపోవడం, నెమ్మదిగా తిరగడం అనే రెండు జబ్బులకు దీన్ని మించిన పనిముట్టు ఇంటి దగ్గర లేదు. సెల్ఫ్ బాగా తిరిగినా ఇంజను అందుకోకపోతే మాత్రం దీని సాయం తక్కువ. ఆ సంగతి తర్వాత.

బ్యాటరీతో మొదలుపెట్టాలి, కానీ అక్కడే ఆగిపోకూడదు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దున్నే, డోరు కూడా తీయకముందు చూస్తే మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.4 అంటే ముప్పాతిక చార్జి, 12.2 అంటే సగం, 12.0కి దిగిందంటే దాదాపు ఖాళీ. బండి ఇప్పుడే ఆపి కొలిస్తే పైపైన ఉన్న చార్జి వల్ల 12.9 కూడా కనబడుతుంది, దాన్ని నమ్మకూడదు. రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి, ఆపి, కాసేపు ఆగి కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10 వోల్టుల పైన నిలిస్తే సంతోషం, 9.6 కిందికి పోతే బ్యాటరీని అనుమానించాలి. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ (ఇంజను నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసే యంత్రం) పని చేస్తున్నట్టే. కొత్త బండ్లలో కంప్యూటర్ అవసరాన్ని బట్టి చార్జింగ్ వోల్టేజ్‌ను తగ్గిస్తుంది, పెంచుతుంది కాబట్టి ఒక్కసారి తక్కువ కనబడగానే ఆల్టర్నేటర్ విప్పించకండి.

మన దగ్గర బ్యాటరీని చంపేది ఎండే. వేసవిలో లోపలి నీళ్ళు తగ్గి ప్లేట్లు నీటి పైకి బయటపడతాయి, ఆ దెబ్బ చలికాలం పొద్దున స్టార్టింగ్‌లో బయటపడుతుంది. మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయకండి. నల్లగొండ బోరు నీళ్ళలో ఫ్లోరైడు, లవణాలు ఎంతుంటాయో అందరికీ తెలిసిందే. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తగ్గించే నల్లగొండ పద్ధతి నీళ్ళు మనుషులు తాగడానికి, బ్యాటరీకి కాదు. క్యాన్లలో వచ్చే ఫిల్టరు నీళ్ళు కూడా పనికిరావు.

ఇక ఈ మీటరు నిజంగా డబ్బు తిరిగి ఇచ్చేది వోల్టేజ్ డ్రాప్ పరీక్షలో, అంటే కరెంటు పారేటప్పుడు తీగలో, జాయింటులో ఎంత వోల్టేజ్ పోతుందో చూడటంలో. అప్పుడప్పుడు మాత్రమే మొరాయించే బండ్లలో ఎక్కువసార్లు దొరికే దొంగ చిలుము పట్టిన బ్యాటరీ టెర్మినల్ (కేబుల్ బిగించే ముక్కు) లేదా వదులైన ఎర్త్ బోల్టు (బ్యాటరీ మైనస్‌ను బాడీకి, ఇంజనుకు కలిపేది). దాన్ని ఓమ్స్‌లో (తీగలోని అడ్డుకు కొలమానం) కొలిచి పట్టుకోలేరు. పెట్రోల్ కారు సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. కేబుల్ జాయింటులో 0.01 ఓమ్ అడ్డు ఉన్నా అక్కడే 1.5 వోల్టులు పోతాయి, సెల్ఫ్ మూలుగుతుంది. మామూలు మీటరు ఓమ్స్‌లో చూపగలిగే కనీస విలువ 0.1. అంటే బండిని నిలబెట్టేసే లోపం ఈ మీటరు కంటికి సున్నాలా కనబడుతుంది. తీగ తెగలేదని చెప్పే మీటరు బీప్ శబ్దం ఇంకా మోసం, కేబుల్‌లో ఒక్క తీగ మిగిలినా అది మోగుతుంది. కాబట్టి కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి.

చేసే పద్ధతి ఇది. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా. ఫ్యూయల్ పంపు రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) లేదా ఫ్యూజు తీసేస్తే ఇంజను అందుకోకుండా సెల్ఫ్ మాత్రమే తిరుగుతుంది. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఎర్ర ప్రోబును బ్యాటరీ ప్లస్ సీసపు ముక్కు మీద (దానికి బిగించిన కేబుల్ క్లాంపు మీద కాదు), నల్ల ప్రోబును సెల్ఫ్ మోటారు మీది లావు బోల్టు మీద ఆనించాలి. ఇంకొకరు తాళం తిప్పాలి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు 0.5 వోల్టు లోపే ఉండాలి. ఇప్పుడు ఎర్త్ వైపు: నల్ల ప్రోబు మైనస్ ముక్కు మీద, ఎర్రది రంగు లేని ఇంజను బోల్టు మీద. ఇక్కడ 0.2 దాటితే ఎక్కడో అడ్డుంది. దాన్ని ముక్కలు చేసి వెతకాలి. ముక్కు నుంచి క్లాంపు, క్లాంపు నుంచి బాడీ బోల్టు, బాడీ నుంచి ఇంజను. ఒక్కో జాయింటులో 0.1 మించకూడదు, మించిన చోటే మీ దొంగ ఉన్నాడు.

సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి తిప్పొద్దు, మధ్యలో కనీసం అర నిమిషం ఆపండి. ఫ్యాను, బెల్టు దగ్గర కండువా, చున్నీ, వదులు చొక్కా చేతులు ఉండకూడదు.

ఎర్త్ వైపు దోషం ఎక్కువగా క్లచ్ లేదా గేర్‌బాక్స్ పని అయ్యాక వస్తుంది. గేర్‌బాక్స్ బోల్టు కింద ఉండే ఎర్త్ పట్టీని తిరిగి బిగించేటప్పుడు తుడవకుండా, కొన్నిసార్లు రంగు మీదే బిగిస్తారు. కొన్ని నెలలు బాగానే నడుస్తుంది. తర్వాత వానకో, వేడికో సతాయించడం మొదలవుతుంది. మందు సులభం. ముందు మైనస్ విప్పాలి, 10 నంబరు పానా చాలు. వంట సోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో చిలుము కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, ఆ పైన వాజలైన్ పూయాలి. బిగించకముందు లోపల పూయకండి. మైనస్ చివర్లో కలపాలి.

లైట్లు కాంతివంతంగా ఉండి, తాళం తిప్పితే ఒక్క "టక్" మాత్రమే వచ్చే రకం వేరే. హైదరాబాద్ నుంచి వస్తూ నార్కట్‌పల్లి దగ్గర చాయ్‌కి పావుగంట ఆగి, మళ్ళీ తిప్పితే పలకని బండ్లు ఈ కోవలోవే. ఆగిన ఇంజనుకు గాలి అందక బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది. రాగి తీగ అడ్డు ఒక్కో డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది, కాబట్టి 60 డిగ్రీలు అదనంగా వేడెక్కిన సోలెనాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చి) కాయిల్‌లో అడ్డు దాదాపు 23 శాతం ఎక్కువవుతుంది. తాళం స్విచ్చిలో అప్పటికే ఒక వోల్టు పోతుంటే, చల్లటి ఇంజనులో సరిపోయిన కరెంటు వేడిలో సరిపోదు. అరగంట ఆగితే అదే స్టార్ట్ అవుతుంది, అందరూ "ఇంజను వేడెక్కింది" అనేస్తారు. వేడెక్కిన మాట నిజమే కానీ చూడవలసింది సోలెనాయిడ్ సన్న తీగ దగ్గరి వోల్టేజ్‌ని. మొరాయించిన క్షణంలో అక్కడ 11 వోల్టుల దాకా వస్తూ లావు బోల్టు దగ్గర కూడా బ్యాటరీ వోల్టేజ్ ఉంటే, ఇంజను ఎర్త్ కూడా సరిగ్గా ఉంటే, సెల్ఫ్ విప్పాలి. మోటారు లోపల కరెంటు అందించే కార్బన్లు లేదా సోలెనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు అరిగి ఉంటాయి. సన్న తీగలో 8 లేదా 9 మాత్రమే వస్తే సెల్ఫ్ జోలికి పోకండి, దోషం రిలే, తాళం స్విచ్చి, క్లచ్ స్విచ్చి దారిలో ఉంది.

అయితే మొరాయించిన క్షణంలో బండి కిందికి దూరి ఎవరు కొలుస్తారు? నేను చేసిన ఏర్పాటు: సోలెనాయిడ్ సన్న తీగకు, దాని దగ్గరే 1 ఆంపియరు ఫ్యూజు పెట్టి, ఒక పొడుగు తీగ కలిపి క్యాబిన్‌లోకి తెచ్చి డ్రైవర్ సీటు పక్కన మీటరు ఉంచడం. తీగ ఎగ్జాస్ట్ పైపుకు, కదిలే భాగాలకు తగలకుండా కట్టాలి. వారం రోజులైనా సరే, మొరాయించిన ఆ ఒక్కసారి అంకె కనబడితే చాలు.

ఇక్కడే మీటరు లోపం ఒకటి చెప్పాలి. దాని లోపలి అడ్డు 10 మెగా ఓమ్‌లు కాబట్టి పూర్తిగా చిలుము పట్టిన కాంటాక్టు గుండా కూడా 12 వోల్టులు చూపిస్తుంది. ఆ తీగ విప్పి బయట కొలిస్తే తప్పుదారి పట్టినట్టే. అందుకే 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు తీగలు అతికించి పెట్టుకున్నాను. అది 1.75 ఆంపియర్లు లాగుతుంది. బల్బు నిండుగా వెలిగితే తీగ మంచిదే, మసకగా వెలిగితే ఎక్కడో అడ్డుంది. కంప్యూటర్‌కు వెళ్ళే సన్న తీగల మీద, పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ తీగల మీద మాత్రం ఈ బల్బు పెట్టొద్దు.

మిన్/మాక్స్ బటన్ ఉన్న మీటరే కొనండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు అంకెలు పరుగెడతాయి, కంటితో పట్టలేం, అది కనిష్ఠాన్ని దాచి పెడుతుంది. అయితే ఈ ధరలో మీటర్లు సెకనుకు రెండు మూడు సార్లే కొలుస్తాయి, కాబట్టి మొదటి క్షణపు లోతైన పతనం దీనికి చిక్కదు. అది చూపే కనిష్ఠం అసలు కన్నా కాస్త మెరుగ్గా ఉంటుందని గుర్తుంచుకుని, బండి బాగున్న రోజున అంకెలు రాసి పెట్టుకుంటే పోల్చుకోవచ్చు.

మీటరు తీయకముందే చూడవలసినవి కొన్నున్నాయి. క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ పడే కార్లలో ముడుచుకున్న ఫ్లోర్ మ్యాట్ చాలు, స్టార్టింగ్ ఆగిపోవడానికి. ఆటోమేటిక్ అయితే పార్కింగ్‌లో పలకనిది న్యూట్రల్‌లో పలుకుతుందేమో చూడండి. స్టార్టర్ రిలేను అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడటం పైసా ఖర్చు లేని పరీక్ష. మిర్యాలగూడ వైపు వరి కోతలయ్యాక ఎలుకలు బానెట్ కిందికి చేరతాయి, కాబట్టి వైర్ల పైతొడుగు మీద పంటి గాట్లు వెతకండి.

మూడు రోజులు నిలిపితే దిగిపోయే బ్యాటరీకి కరెంటు కొలత కావాలి. మైనస్ కేబుల్ తీసి, ఆ కేబుల్‌కూ బ్యాటరీకీ మధ్యలో మీటరును 10 ఆంపియర్ల రంధ్రంలో కలిపి, డోరు లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు తిప్పి, అరగంట ఆగాలి. అప్పటికి 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. 300 ఉంటే రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు పోతాయి, 35 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీలో మూడు రోజులకు సగం పైనే ఖాళీ. మీటరు ఇలా కలిపి ఉండగా తాళం తిప్పితే లోపలి ఫ్యూజు వెంటనే పోతుంది. అదే రకం సిరామిక్ ఫ్యూజే వేయాలి, తీగ చుట్టి నడిపితే తర్వాతి తప్పుకు మీటరు చేతిలోనే పేలవచ్చు.

సెల్ఫ్ జోరుగా తిరిగినా ఇంజను అందుకోని బండికి వేరే దారి. పెట్రోల్ కారులో తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద ఫ్యూయల్ పంపు రెండు సెకన్లు గుయ్యిమనాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు అసలు కదలకపోతే క్రాంక్ సెన్సార్‌ను (ఇంజను తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పేది) అనుమానించవచ్చు, వేడికి చచ్చి చల్లబడ్డాక బతికే గుణం దానికుంది. ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే ఏర్పాటు) దీపం మెరుస్తూ ఉంటే రెండో తాళంతో ప్రయత్నించండి. వీటికి బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ కావాలి, మీటరు కాదు.

నాలుగేళ్ళలో మీటరు దేహానికి ఏమీ కాలేదు, ప్రోబు తీగలు మాత్రం రెండుసార్లు ప్లగ్గు మొదట్లో తెగాయి. లోపల తెగిన తీగ కూడా అంకెల్ని ఊగిసలాడిస్తుంది, కాబట్టి బండిని అనుమానించే ముందు రెండు ప్రోబుల్నీ ఆనించి, కదిలించి చూసుకోవాలి. మే నెలలో డాష్‌బోర్డు మీద వదిలేస్తే తెర నల్లబడుతుంది, నీడలోకి తెస్తే తేరుకుంటుంది. వాడనప్పుడు 9 వోల్టుల సెల్ తీసి పెట్టండి, కారితే బోర్డు తినేస్తుంది. తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు కొనాలనుకుంటే డీసీ కొలుస్తుందో లేదో డబ్బా మీద చదివి కొనండి. చవకవి చాలావరకు ఇంటి ఏసీ కరెంటును మాత్రమే కొలుస్తాయి, కారు బ్యాటరీ కేబుల్‌కు తగిలిస్తే సున్నా చూపిస్తాయి.