పసిబిడ్డకు సుస్తీ చేస్తే: ఇంట్లో మందులా, వాడలో ఆరోగ్య కార్యకర్తా?

ఆసుపత్రి దూరంగా ఉన్నచోట, ఐదేళ్లలోపు పిల్లలకు తరచూ వచ్చే విరేచనాలు, దగ్గు, జ్వరాలకు రెండు దారులున్నాయి. మందులు ఇంట్లోనే ఉంచుకుని తల్లిదండ్రులే వాడటం ఒకటి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త అదే వాడలో ఉండి, బిడ్డను చూసి మందు ఇవ్వడం రెండోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2012లో ఉమ్మడి ప్రకటనలో సమర్థించినది రెండో పద్ధతిని. అయినా అన్ని జబ్బులకూ ఒకే జవాబు కుదరదు.

విరేచనాలకు మాత్రం ఇల్లే మేలు. నీళ్ల విరేచనం మొదలైనప్పటి నుంచే ఒంట్లో నీరు తగ్గిపోతుంది కనుక ఎవరో వచ్చేదాకా ఆగకూడదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ నిల్వలు అడుగంటినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువుల చేతికే ఇచ్చి తాగించమన్నారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఇప్పటి ఓఆర్‌ఎస్‌నూ పొట్లం మీద రాసినంత నీటిలోనే కలిపి, కొద్దికొద్దిగా పట్టించాలి. బిడ్డ కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. కలిపిన నీరు 24 గంటలు దాటితే పారబోయాలి. దీంతోపాటు జింక్‌ను ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మి.గ్రా., అంతకన్నా చిన్నవారికి 10 మి.గ్రా. చొప్పున 10 నుంచి 14 రోజులు వేయాలి. విరేచనాలు కట్టగానే జింక్ కూడా మానేయాలనిపిస్తుంది. కార్యకర్త మధ్యలో ఒకసారి వచ్చి అడిగితే ఆ పొరపాటు జరగదు.

దగ్గు దగ్గర నా తీర్పు మారుతుంది. అది ఉత్త జలుబో, నెమ్ము (న్యుమోనియా) చేసిందో తేల్చడానికి ఊపిరి లెక్కపెట్టాలి. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట లేచి పడటాన్ని నిండా ఒక నిమిషం లెక్కించాలి. 2 నుంచి 11 నెలల బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 40, లేదా అంతకు మించితే అది వేగమైన శ్వాస, నెమ్ముకు గుర్తు. పసివాళ్ల ఊపిరి ఒకే తీరున సాగదు కాబట్టి అర నిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే తప్పుతుంది. కంగారులో ఉన్న తల్లికన్నా, టైమర్ పట్టుకుని సాధన చేసిన కార్యకర్తకే ఈ పని బాగా సాగుతుంది. ఇంట్లో ఓఆర్‌ఎస్ లేకపోవడం ఎంత తప్పో, యాంటీబయాటిక్ సీసా దాచుకోవడం అంతే తప్పు: జలుబుకీ అదే పడుతుంది, దగ్గు తగ్గగానే సగంలో ఆగుతుంది.

మలేరియా ఉన్న ప్రాంతాల్లో జ్వరానికీ కార్యకర్తే మేలు. వేలి కొస నుంచి తీసిన రక్తపు చుక్కతో పరీక్ష చేశాకే మందు ఇవ్వవచ్చు.

అయితే మందుల పెట్టె ఖాళీగా ఉన్న కార్యకర్త గడప ఎవరూ రెండోసారి తొక్కరు. సరఫరా నిలకడగా లేనిచోట ఈ పద్ధతి పేరుకే మిగులుతుంది.

రెండు నెలలు నిండని బిడ్డకు జ్వరం వచ్చినా, ఏ వయసు బిడ్డయినా పాలు తాగలేకపోయినా, తాగినదంతా కక్కినా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా పై రెండు దారులూ చాలవు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పుడు కార్యకర్త చీటీ రాసిచ్చినంత మాత్రాన సరిపోదు. రాత్రిపూట బండి ఎవరు కడతారో, ఇంట్లో మిగిలిన పిల్లలను ఎవరు చూస్తారో వాడంతా ముందే మాట్లాడుకుని ఉండాలి.