కారవాన్‌లో రెండో బ్యాటరీ: ఉప్పు గాలిలో చాలాకాలం వాడాక

మంచాలు, వంట గట్టు, నీళ్ల ట్యాంకు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇల్లులా అమర్చుకున్న మా కారవాన్ బండిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఇంజన్ బ్యాటరీ కాక విడిగా సీటు కింద ఉన్న 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ. ఇంజన్ ఆపేశాక రెండు ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్ తెల్లవార్లూ దీనిమీదే నడుస్తాయి. ఫ్యాను ఒక్కొక్కటి 20 వాట్లు, ఫ్రిజ్ 50 వాట్లు, అదీ ఆగి ఆగి. 12.8 వోల్టుల లెక్కన నిల్వ 1,280 వాట్-అవర్లు కాబట్టి ఉదయానికి ఇంకా మిగిలే ఉంటుంది.

నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌లో సాయంత్రం సముద్రపు గాలి హాయిగా ఉంటుంది. రాత్రి గడిచేకొద్దీ అది పడిపోతుంది, బకింగ్‌హామ్ కాలువ వైపు నుంచి దోమలు మొదలవుతాయి. దోమతెరలు బిగించిన కిటికీల వెనుక ఫ్యాను లేకుండా మా అత్తయ్య నిద్రపోలేరు. ఈ బ్యాటరీ పెట్టించాకే ఆవిడ మాతో బయలుదేరారు. ఆవిడ లేని ప్రయాణం పిల్లలకు ప్రయాణమే కాదు.

ఇంత ఇష్టపడిన ఏర్పాటు సింగరాయకొండ దగ్గరి పాకల బీచ్‌లో మమ్మల్ని ఏడిపించింది. ఫ్రిజ్ నిండా వంజరం చేప ముక్కలు. రాత్రి భోజనాలయ్యాక కంప్రెసర్ మొదలవడం, వెంటనే ఆగిపోవడం. ఫ్యాన్లూ నీరసంగా తిరిగాయి. మీటరు చూస్తే బ్యాటరీ నిండుగానే ఉంది. బండి తయారుచేసినవారికి ఫోను చేస్తే బ్యాటరీ పోయింది, కొత్తది కొనాలన్నారు. పొద్దున్నే సింగరాయకొండ నుంచి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బ్యాటరీ దగ్గర 13 వోల్టులు ఉన్నాయి. ఫ్రిజ్ ఆన్ చేయగానే దాని తీగల దగ్గర 10కి పడిపోయాయి. "బ్యాటరీ దిట్టంగా ఉందమ్మా, దొంగ దారిలో ఉన్నాడు" అంటూ బండి కిందికి దూరాడు. వెనక చక్రం పక్కన నెగటివ్ తీగను ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, బిగించిన బోల్టు కింద అంతా పచ్చటి చిలుము. అన్ని పరికరాల కరెంటూ తిరిగి రావలసింది ఆ ఒక్క బోల్టు గుండానే. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజిలీన్ పూశాడు. ఫ్రిజ్ ఆగకుండా నడిచింది. ముక్కలు మాత్రం పారేయాల్సి వచ్చింది.

తీరం వెంట తిరగడానికే అని ముందే చెప్పి చేయించుకున్న బండి ఇది. అయినా తడి ఇసుక చిమ్మే చోట ఆ బోల్టుకు ఏ రక్షణా పెట్టలేదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. నెల్లూరు వచ్చాక తగరం పూత ఉన్న రాగి తీగతో నెగటివ్‌ను నేరుగా బ్యాటరీకే కలిపించాం. ఆ తర్వాత ఇబ్బంది రాలేదు.

పైకప్పు మీది సోలార్ పలక మధ్యాహ్నానికల్లా బ్యాటరీ నింపుతుందని చాలామందికి చెప్పాను. అది సంక్రాంతి తర్వాతి ఎండల మాట. ఈశాన్య రుతుపవనాల మబ్బుల్లో ఇంజన్ నడిపితేనే నిండుతుంది. పలక మీద ఉప్పు పొర కడుతుంది, మంచినీళ్లతో తుడుస్తూ ఉండాలి.

మేము నెల్లూరులో ఉంటాం, మేలో తీరానికి పోము, ఏసీ అడిగేవారు ఇంట్లో లేరు. అందుకే మాకు ఇది సరిపోయింది. చంటిపిల్లలతో వేసవిలో వచ్చేవారికి ఈ ఒక్క బ్యాటరీతో ఏసీ నడవదు, కరెంటు కనెక్షన్ దొరికే చోటే ఆగాలి. అద్దెకు తీసుకునేవారు ఇంజన్ ఆపి, ఫ్రిజ్, ఫ్యాన్లు కలిపి ఓ గంట నడిపించి చూశాకే డబ్బు కట్టండి.