జూబ్లీహిల్స్ టేస్టింగ్ రూమ్: చిన్న వైనరీల వైన్ రుచి చూసి కొనుక్కోవాలంటే ఇక్కడికే వెళ్లండి

వైన్ మీద ఇష్టం ఉన్నా ఏది కొనాలో తెలియక ప్రతిసారీ అదే పెద్ద కంపెనీ బాటిల్ పట్టుకుని ఇంటికొచ్చేవాళ్లు, వైన్ తయారుచేసే చిన్న వైనరీలు నాలుగైదు కలిసి జూబ్లీహిల్స్‌లో నడుపుతున్న ఈ టేస్టింగ్ రూమ్‌కి తప్పకుండా వెళ్లాలి. ఫిలింనగర్ వైపు వెళ్లే రోడ్డులో మొదటి అంతస్తులో ఉంటుంది. బోర్డు చిన్నది, చూసుకోకపోతే దాటి వెళ్లిపోతారు. అద్దె, లైసెన్సు, జీతాలు ఒక్కరే భరించాలంటే చిన్నవాళ్ల వల్ల కాదు కాబట్టి ఖర్చు పంచుకుని ఒకే కౌంటర్ మీద పోస్తున్నారు, దానివల్ల మనం నాసిక్, బెంగళూరు దగ్గరి నంది హిల్స్, సోలాపూర్ తిరగకుండానే మూడు చోట్ల వైన్‌లనీ పక్కపక్కన పెట్టుకుని పోల్చుకోవచ్చు.

మనిషికి 1,200 రూపాయలు. ఐదు రకాలు, ఒక్కొక్కటి 30 మి.లీ. పోస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చింది షిరాజ్ అనే ద్రాక్షతో చేసిన రెండు రెడ్ వైన్‌లు ఒకేసారి ఇవ్వడం, ఒకటి నాసిక్‌ది, ఇంకోటి నంది హిల్స్‌ది. ద్రాక్ష ఒకటే. కానీ నంది హిల్స్ తోటలు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంటాయి, రాత్రిళ్లు చల్లగా ఉంటుంది కాబట్టి ఆ గ్లాసులో పులుపు బాగా నిలబడింది, మిరియాల వాసన తెలిసింది. నాసిక్‌ది ఇంకా పండిన రుచి, నోట్లో నిండుగా ఉంది. ఏది గొప్ప అని కాదు గానీ, తేడా ఉంటుందని చదవడం వేరు, రెండు గుక్కల్లో మన నాలుకకి తెలియడం వేరు.

పోసే అమ్మాయికి విషయం బాగా తెలుసు. మా బావ "యూరప్‌లో కోతలు ఆగస్టు, సెప్టెంబర్‌లో కదా, ఇక్కడ ఫిబ్రవరిలో ఏంటమ్మా?" అని అడిగితే ఓపిగ్గా చెప్పింది. మన దగ్గర తీగ నిద్రపోయేంత చలికాలం లేదు, అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబర్, అక్టోబర్‌లో ఇంకోసారి, ఆ రెండో కత్తిరింపు తర్వాత వచ్చే పంటని జనవరి నుంచి మార్చి లోపు కోస్తారు. ఒకప్పుడు శామీర్‌పేట, మేడ్చల్ వైపు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు చూసినవాళ్లకి ఈ కత్తిరింపుల సంగతి కొత్త కాదు. అయితే అవి తినే ద్రాక్ష. వైన్ ద్రాక్ష పండు చిన్నగా, తోలు మందంగా ఉంటుంది, రెడ్ వైన్‌కి రంగు, వగరు ఎక్కువగా ఆ తోలు నుంచే వస్తాయి.

ఈ చోటుని ఇంతగా మెచ్చుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. ఇక్కడ బాటిళ్లు చల్లగా, పడుకోబెట్టి ఉంచుతారు. మే నెలలో మామూలు షాపులో పైఅరలో, ట్యూబ్‌లైట్ కింద నెలల తరబడి నిలబెట్టిన బాటిల్ పాడవుతుంది, అది తాగి చాలామంది ఇండియన్ వైన్ బాగోదనేస్తారు, పాపం ఆ రైతు తప్పేముంది? రెడ్ వైన్‌ని రూమ్ టెంపరేచర్‌లో తాగమంటారు గదా, ఆ రూమ్ హైదరాబాద్ రూమ్ కాదండీ. 16 నుంచి 18 డిగ్రీలుండాలి, అంటే ఇంట్లో అయితే అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

తిండి విషయంలో మాత్రం ఆలోచించాలి. మెనూలో మిర్చి కా సాలన్ పెట్టి, పక్కన వగరున్న కాబెర్నే అనే రెడ్ వైన్ సిఫారసు చేస్తున్నారు. కారం మీద వగరు, ఆల్కహాల్ పడితే మంట ఇంకా పెరుగుతుంది. మన బిర్యానీకి, గుంటూరు కారానికి కొంచెం తీపి ఉన్న చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ గానీ, రోజే అనే గులాబీ రంగు వైన్ చల్లగా గానీ చాలా బాగుంటాయి, మేం అదే అడిగి తెప్పించుకున్నాం, మా బావ రెండో ప్లేట్ కూడా చెప్పాడు.

ఇంకో ఇబ్బంది వాసన. గది మూలన సెంటు కొవ్వొత్తులు వెలిగించారు, ముక్కుతోనే సగం రుచి తెలిసే చోట అవెందుకు? అడగ్గానే ఆర్పేశారు, సంతోషం. వైట్ వైన్ మరీ గడ్డకట్టేంత చల్లగా ఇచ్చారు, గ్లాసు రెండు చేతుల్లో కాసేపు పట్టుకుంటే గానీ వాసన రాలేదు. రుచి చూసి ఉమ్మేయడానికి కౌంటర్ మీద గిన్నె ఉంటుంది, సిగ్గుపడకుండా వాడండి, ఐదోది కూడా సరిగ్గా తెలియాలంటే అదే దారి.

శనివారం సాయంత్రం గోల ఎక్కువ, పార్కింగ్ దొరకదు. వారం మధ్యలో వెళ్తే పోసేవాళ్లు తీరిగ్గా మాట్లాడతారు. 21 ఏళ్లు నిండని వాళ్లని రానివ్వరు, ఐడీ అడుగుతారు. బండి మాత్రం తీయకండి, 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే కేసే, ఆ ఏరియాలో చెకింగ్ గట్టిగా ఉంటుంది, క్యాబ్‌లో వెళ్లండి.

నిర్వాహకులకి ఒక విన్నపం. హంపి హిల్స్‌లో క్రస్మా ఎస్టేట్స్ వైనరీ పెట్టిన కృష్ణప్రసాద్ చిగురుపాటి, ఉమ గార్లు మన హైదరాబాద్ వాళ్లే. అటువైపు వైన్‌లు కూడా ఒకటి రెండు ఈ కౌంటర్ మీదికి తెప్పించండి, నంది హిల్స్ షిరాజ్ పక్కన పెట్టి తాగి చూడాలని ఉంది.