గ్రీన్‌బే, కాంటన్, ఫిలడెల్ఫియా: 92వ నంబర్ వెంట మా తిరుగుడు

షికాగో చుట్టుపక్కల మనవాళ్లకి లాంగ్ వీకెండ్ వచ్చిందంటే విస్కాన్సిన్ డెల్స్, లేకపోతే డోర్ కౌంటీ. డోర్ కౌంటీకి పోయే దారిలోనే గ్రీన్‌బే ఉన్నా అక్కడ ఆగేది కాఫీకే. మావాడికి అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి. బంతి విసిరేవాళ్లకంటే వాళ్లను పడగొట్టేవాళ్లంటేనే వాడికి ఎక్కువ ఇష్టం. వాడి పుణ్యమా అని రెజీ వైట్ ఆడిన ఊళ్లూ, ఆయన విగ్రహం ఉన్న ఊరూ విడివిడి ట్రిప్పుల్లో చూసొచ్చాం. ఎక్కడ డబ్బు పెట్టొచ్చో, ఎక్కడ అక్కర్లేదో చెప్తాను.

తెలియనివాళ్ల కోసం: 92వ నంబర్ జెర్సీ వేసుకున్న రెజీ వైట్ డిఫెన్సివ్ ఎండ్, అంటే రక్షణ వరస చివర నిలబడేవాడు. అవతలి క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే అతన్ని కింద పడేయాలి. దాన్నే సాక్ అంటారు. 1985 నుంచి 2000 దాకా, మధ్యలో ఒక సీజన్ మినహా, అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడి 198 సాక్‌లు చేశాడు. ఆ రికార్డును 2003లో బ్రూస్ స్మిత్ దాటాడు. చర్చిలో పాస్టర్ కూడా కావడంతో అభిమానులు 'మినిస్టర్ ఆఫ్ డిఫెన్స్' అని పిలుచుకున్నారు (మినిస్టర్ అంటే పాస్టర్ అని కూడా అర్థం).

ఒక్కచోటికే వెళ్లే వీలుంటే గ్రీన్‌బే వెళ్లండి. లక్ష చిల్లర జనాభా ఉన్న ఊళ్లో 81 వేల మంది పట్టే లాంబో ఫీల్డ్! ఇళ్ల మధ్యలోంచి కారు పోతూ పోతూ ఉంటే ఉన్నట్టుండి స్టేడియం ఎదురొస్తుంది. అక్కడ ఆడే ప్యాకర్స్ టీమ్‌కి కోటీశ్వరుడైన ఓనరంటూ లేడు. 5 లక్షలకు పైగా వాటాదారులున్నారు, ఎవరికీ పైసా డివిడెండ్ రాదు. సీజన్ టికెట్ల వెయిటింగ్ లిస్టు లక్ష పేర్లు ఎప్పుడో దాటింది.

స్టేడియం టూర్లు రకరకాలున్నాయి. పొట్టిదాని జోలికి పోకండి, ఆటగాళ్ల టన్నెల్‌లోంచి మైదానం అంచుదాకా తీసుకెళ్లేదే తీసుకోండి. టన్నెల్‌లో పాత కాంక్రీటు ముక్కొకటి అలాగే ఉంచారు. 1960ల నాటి కోచ్ లొంబార్డీ కాలం నుంచి ఆటగాళ్లు తొక్కుకుంటూ వెళ్లిన నేల అది. గైడ్‌గా వచ్చిన పెద్దావిడ ఊరి మనిషే. కంఠతా పట్టిన పాఠం అప్పజెప్పకుండా మావాడు అడిగినవాటికల్లా ఓపిగ్గా జవాబిచ్చింది. లోపల గోడ మీద ప్యాకర్స్ రిటైర్ చేసిన, అంటే ఇంకెవరికీ ఇవ్వని నంబర్లు ఆరే ఉన్నాయి, అందులో వైట్ 92 ఒకటి.

వైట్ ఇక్కడికెలా వచ్చాడన్నదే అసలు కథ. అంతకుముందు కాంట్రాక్టు అయిపోయినా ఆటగాడు టీమ్ మారడం మహా కష్టం. మన హెచ్‌1బీ బతుకే అనుకోండి. ఆ పద్ధతి మీద ఆటగాళ్లందరి తరఫునా కోర్టుకెక్కిన క్లాస్ యాక్షన్ దావా వైట్ పేరు మీదే నడిచింది. దాంతో 1993లో ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్టు అయ్యాక నచ్చిన టీమ్‌కి వెళ్లే వీలు, తలుపులు తెరుచుకున్నాయి. పెద్ద ఊళ్లన్నీ ఆయన కోసం ఎగబడ్డాయి. దేవుడు చెప్పినచోటికే వెళ్తానన్నాడు వైట్. ప్యాకర్స్ కోచ్ మైక్ హోమ్‌గ్రెన్ ఆయన ఆన్సరింగ్ మెషీన్‌లో 'దేవుణ్ని మాట్లాడుతున్నాను, గ్రీన్‌బే వెళ్లు' అని మెసేజ్ పెట్టాడట. చివరికి నాలుగేళ్లకు 1.7 కోట్ల డాలర్లకు అక్కడే సంతకం పెట్టాడు. నల్లజాతి ఆటగాళ్లు ఈ చలి ఊరికి రావడానికి ఇష్టపడని రోజులవి. ఆయన వచ్చాక ఆ మాట మారింది.

బయట ప్లాజాలో లాంబో లీప్ గోడ ఉంది. టచ్‌డౌన్ (బంతితో అవతలి గీత దాటడం) చేసిన ప్యాకర్స్ ఆటగాడు జనంలోకి గెంతడమే లాంబో లీప్. పిల్లలు ఎగిరి దాని మీద కూర్చుని ఫొటోలు దిగుతారు. ఆ గెంతుడుకి మూలం 1993 డిసెంబర్ 26. జారిన బంతిని వైట్ అందుకుని, పరిగెడుతూనే లెరాయ్ బట్లర్‌కి విసిరాడు. బట్లర్ టచ్‌డౌన్ చేసి జనంలోకి దూకాడు. ఫొటో దిగేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో!

లోపలి హాల్ ఆఫ్ ఫేమ్‌కి విడిగా టికెట్, కొనండి. టీమ్ గెలిచిన నాలుగు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) ట్రోఫీలూ ఒక్కచోటే కనిపిస్తాయి. 1997 జనవరిలో గెలిచిన ట్రోఫీ వెనక వైట్ మూడు సాక్‌లున్నాయి. ఆ ఆట వీడియో ముందే చూసి వెళ్లండి. బయటివైపు దూసుకుపోతున్నట్టు నమ్మించి, లోపలి చేతిని ఎదుటివాడి చంక కిందికి పోనిచ్చి ఒక్క విసురు. నూట ముప్ఫై, నూట నలభై కిలోల మనిషి పక్కకి ఎగిరిపడతాడు. మావాడు అదే సోఫా దిండు మీద ప్రాక్టీసు చేస్తున్నాడు.

బస సంగతి. మ్యాచ్ ఉన్న వారాంతాల్లో మామూలు మోటెల్ కూడా రెండు రాత్రులు తప్పనిసరంటూ మూడింతలు గుంజుతుంది. మేం దిగినచోట అంతా ఇచ్చాక కూడా పార్కింగ్‌కి వేరే వసూలు చేశారు. టూర్ల కోసమే అయితే ఎండాకాలం మేలు. జులై చివర్లో ట్రైనింగ్ క్యాంప్ మొదలవుతుంది, ప్రాక్టీసు ఉచితంగా చూడొచ్చు. ఆటగాళ్లు పిల్లల సైకిళ్లు తీసుకుని మోకాళ్లు గడ్డానికి తగిలేలా తొక్కుకుంటూ మైదానానికి పోతారు, సైకిల్ ఓనరు వాళ్ల హెల్మెట్ మోస్తూ పక్కన పరుగు. స్టేడియం ఎదురుగా ఉన్న టైటిల్‌టౌన్ పార్కులో పిల్లల్ని వదిలేయొచ్చు. శాకాహారులకి చీజ్ కర్డ్స్ తప్ప పెద్దగా ఏమీ దొరకదు, పులిహోర కట్టుకెళ్లండి.

కాంటన్ (ఒహాయో) విషయంలో మా ఇంట్లో ఏకాభిప్రాయం లేదు. ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ పెద్దదే, కానీ అందరి కంచు విగ్రహాలూ మసక వెలుతుర్లో వరసగా పేర్చి ఉంటాయి. వైట్‌ది 2006 వరసలో ఉంది. ఆయన 43 ఏళ్లకే, 2004 డిసెంబర్ 26న, అంటే మనకు సునామీ వచ్చిన రోజున పోయాడు. ఆ గౌరవం కళ్లారా చూసుకోలేదు. 1998లో విస్కాన్సిన్ శాసనసభలో జాతుల గురించి, స్వలింగ సంపర్కుల గురించి ఆయన మాట్లాడిన తీరు చాలామందిని నొప్పించింది. ఆసియావాళ్ల మీద చెప్పిన మాటలు నాకూ నచ్చలేదు, మావాడికి అదీ చెప్పాను. ఆగస్టు మొదట్లో ఉత్సవాల వారం రద్దీ, రేట్లు రెండూ ఎక్కువే. కాంటన్ కోసమే ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు. పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి రెండు గంటల లోపే కాబట్టి ఆ దర్శనానికి కలుపుకోండి.

ఫిలడెల్ఫియా లెక్కే వేరు. వైట్ గొప్ప ఆట అంతా అక్కడే: ఆ ఊరి టీమ్ ఈగల్స్ తరఫున 121 ఆటల్లో 124 సాక్‌లు. 1987లో ఆటగాళ్ల సమ్మె వల్ల 12 ఆటలే ఆడి 21 చేశాడు. తీరా చూడబోతే ఆయన ఆడిన వెటరన్స్ స్టేడియం 2004లో కూల్చేశారు, ఇప్పుడు కార్ల పార్కింగ్. అక్కడే ఆడిన బేస్‌బాల్‌లో హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) ఎక్కడుండేదో నేలలో గుర్తు పెట్టారు. ఆటగాళ్ల మోకాళ్లు తినేసిన ఆ గట్టి కృత్రిమ పచ్చిక పోయినందుకు మాత్రం ఎవరికీ బాధ లేదు. బ్రాడ్ స్ట్రీట్ లైన్ చివరి స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లొచ్చు, అరగంట చాలు. రూమ్ సెంటర్ సిటీలో తీసుకుని మిగతా రోజు లిబర్టీ బెల్‌కి ఇవ్వండి. పిట్స్‌బర్గ్ నుంచి కారులో వచ్చేవాళ్లు ఈజీపాస్ (టోల్ ట్యాగ్) మర్చిపోవద్దు, పెన్సిల్వేనియా టర్న్‌పైక్ టోల్ అది లేకపోతే మరీ వాచిపోతుంది.