కడప ఎండలో పాత ఐ5: ఐదేళ్ల వాడకం తర్వాత

ఈ కంప్యూటర్ కొని మొన్న సంక్రాంతికి ఐదేళ్లు. ఐ5-3470 ప్రాసెసర్, తర్వాత తగిలించిన జీటీఎక్స్ 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మ గీసేది). వీటి వివరాలు ఎక్కడ వెతికినా దొరుకుతాయి, వాటి జోలికి పోను. గేములో కుదుపులు మొదలైనప్పుడు అడిగిన ప్రతి ఒక్కరూ "పాతది కదా, మార్చెయ్" అన్నారు. ఆ మాట విని నేను దీన్ని దాదాపు అమ్మేశాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. పాతదనం వల్ల వచ్చిన జబ్బు కాదది. ప్రాసెసర్ మీద దాన్ని చల్లబరిచే కూలర్ (రేకులు, ఫ్యాను కలిసిన ముక్క) సరిగా కూర్చోలేదు, అంతే.

మొదటి మూడేళ్లు దీన్ని మెచ్చుకోని రోజు లేదు. 750 టీఐ 2014లో వచ్చిన కార్డు. 60 వాట్లతో సరిపెట్టుకుంటుంది, వేరే పవర్ వైరు అడగదు. మా పాత ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పెట్టె) మార్చే పని లేకుండా పోయింది. ఇక జీటీఏ 5 అయితే, ఆ గేము వాళ్లు ఇచ్చిన రికమెండెడ్ లిస్టులోనే ఐ5-3470 అని మా ప్రాసెసర్ పేరుంది. అది చూసి తమ్ముడు ఎంత సంబరపడ్డాడో. పగలు నేను డీటీపీ పని చేసుకునేవాణ్ణి, రాత్రి ఇద్దరం ఆడేవాళ్లం.

2024 మార్చిలో ప్రొద్దుటూరు నుంచి కడపకు ఇల్లు మారాం. సామానంతా ట్రాలీ ఆటోలో వేశాం. సీపీయూను (మన దగ్గర ఆ డబ్బానే సీపీయూ అంటాం కదా) పరుపుల మధ్య పడుకోబెట్టి తెచ్చాం. దెబ్బ తగల్లేదు, ఆన్ చేస్తే ఆన్ అయింది. కొత్త ఇంట్లో మాకు దక్కింది మిద్దె మీద గది. ఏప్రిల్ చివరికి వచ్చేసరికి ఆ గదిలో గోడ మీద చెయ్యి పెట్టలేం.

అప్పుడు మొదలైంది. గేములో కారు నడుపుతుంటే నాలుగైదు సెకన్లకోసారి బొమ్మ ఆగి, ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. సౌండు కూడా తెగుతుంది. ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద మారే బొమ్మల లెక్క) 55 నుంచి 18కి పడి మళ్లీ లేస్తుంది. "ఏమిన్నా ఇది, మల్లా ఆగిపాయ" అని తమ్ముడు కీబోర్డు పక్కకు నెట్టేసేవాడు. వాడు దీన్ని ల్యాగ్ (నెట్ నెమ్మదిస్తే వచ్చే ఆలస్యం) అంటాడు గానీ మేం ఆడేది ఆఫ్‌లైన్‌లో, నెట్‌తో పనే లేదు.

అందరూ చేసేదే మేమూ చేశాం. సెట్టింగ్స్ అన్నీ కిందికి దించాం. రిజల్యూషన్, అంటే బొమ్మలోని చుక్కల లెక్క, 1080 నుంచి 720కి తగ్గించాం. బొమ్మ మసకబారింది, కుదుపు మాత్రం అట్లే ఉంది. నిజానికి జవాబు సగం ఇక్కడే దొరికింది, నేను పట్టించుకోలేదు. కార్డు మోయలేకపోతుంటే రిజల్యూషన్ తగ్గించగానే దానికి ఊపిరి అందాలి. ఏం తేడా రాలేదంటే ఇబ్బంది కార్డు దగ్గర లేదన్నమాట. నేను ఆ సంగతి ఆలోచించకుండా కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, తీసేసి మళ్లీ వేశాను. తర్వాత ర్యామ్ మీద పడ్డాను. ఒకటే 8 జీబీ స్టిక్కు ఉండేది, ఇంకో 8 కొని పక్కన పెట్టాను. రెండు స్టిక్కులు జోడీగా ఉంటే మా డీడీఆర్3-1600 రకం ర్యామ్ వేగం సెకనుకు 12.8 జీబీ నుంచి 25.6కి పోతుంది. ఎఫ్‌పీఎస్ కొంచెం పెరిగింది, అబద్ధం చెప్పను. కుదుపు పోలేదు.

అప్పుడు ఊళ్లో ఒక షాపుకు తీసుకుపోయాను. రెండు రోజులు పెట్టుకుని, విండోస్ కొత్తగా ఎక్కించి, 600 తీసుకున్నారు. "ఇంత పాత దాంట్లో గేములు ఆడకూడదు సార్, మదర్‌బోర్డుతో సహా మార్చాలి" అన్నారు. ఇంటికి తెచ్చి చూస్తే సైడు డోరు స్క్రూల మీద దుమ్ము పొర చెదరలేదు. డబ్బా విప్పనే లేదు. 600 పోయినందుకు బాధ లేదు. చూడకుండానే తీర్పు చెప్పేశారు, అదే నాకు మింగుడు పడలేదు.

అసలు సంగతి కరెంటు కోత వల్ల తెలిసింది. మే నెల, మధ్యాహ్నం. ముప్పావుగంట కరెంటు పోయింది. వచ్చాక ఆన్ చేస్తే గేము పది నిమిషాలు నూనెలో జారినట్టు నడిచింది. తర్వాత మళ్లీ మొదలు. మరుసటి రోజూ అంతే. రీస్టార్ట్ చేస్తే బాగవుతుందేమో అనుకుని నాలుగుసార్లు రీస్టార్ట్ చేశాను, ఏమీ మారలేదు. కోత పడితే బాగవుతుంది, రీస్టార్ట్ చేస్తే బాగవదు. రెంటికీ తేడా ఏముంది? ముప్పావుగంట చల్లారడం. అది తట్టిన క్షణం నాకు బాగా గుర్తుంది. అమ్మ కింది నుంచి అన్నానికి పిలుస్తోంది, నేను పలకలేదు.

గేమును చిన్న విండోలో పెట్టి, పక్కనే టాస్క్ మేనేజర్ తెరిచాను. అందులో పెర్ఫార్మెన్స్ దగ్గర సీపీయూ నొక్కితే స్పీడు కనబడుతుంది. ఇన్నాళ్లూ అందరం ఎఫ్‌పీఎస్ చూశాం గానీ ఈ అంకె మీద ఎవరం కన్ను వేయలేదు. ఆట మొదట్లో 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంది. కుదుపు రాగానే 1.6. మళ్లీ 3.4. మళ్లీ 1.6. వేడి చూపించే చిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే వంద డిగ్రీలు దాటి చూపించింది. ప్రాసెసర్ మాడిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది. కాస్త చల్లబడగానే పరిగెత్తుతోంది, మళ్లీ కాలుతోంది. తెర మీద మేం చూసిన కుదుపంతా ఇదే.

విప్పాం. మా వీధి చివర బండలు పాలిష్ పట్టే మిషను ఉంది. ఆ తెల్ల పొడి ఫ్యాను కింద రేకుల సందుల్లో కంబళిలా పట్టేసింది. కూలర్‌ను పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ పిన్నులు. వాటిలో ఒకటి పైకి లేచి ఉంది. వేలితో తాకితే కూలర్ ఆ మూల కదిలింది. ఇల్లు మారేటప్పుడు ఆటో కుదుపులకు ఊడి ఉంటుంది. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే థర్మల్ పేస్టు లోపల ఎండిన సున్నంలా పొడి పొడిగా రాలింది.

పని మొత్తం గంట పట్టింది. పిన్నును దాని తల మీది బాణం గుర్తు వైపు తిప్పితే వదులవుతుంది. ఫ్యాను తిరగకుండా వేలు అడ్డం పెట్టి, పెయింటు బ్రష్షుతో దుమ్ము తీశాం. పాత పేస్టు తుడిచేసి, బఠాణీ గింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టాం. బిగించేటప్పుడు ఎదురెదురు మూలలు నొక్కాలి, ప్రతి పిన్నూ టక్‌మని శబ్దం చేయాలి. మా ఊడిన పిన్ను రెండుసార్లు మొరాయించింది. బోర్డును వెనక నుంచి చూసి, కొసలు బయటికొచ్చి విచ్చుకున్నాయని తేల్చుకున్నాకే డోరు మూశాం. పేస్టుకు 150 రూపాయలు అయింది. ఆ మధ్యాహ్నమే, అదే గదిలో గంటసేపు ఆడితే వేడి 76 దాటలేదు, స్పీడు 3.4 నుంచి కదల్లేదు. తమ్ముడు ఒక్క మాటా మాట్లాడకుండా ఆడుతూనే ఉన్నాడు.

ఆ రోజు నేను తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి కుదుపు మొత్తం పోయిందని చెప్పాను. మొత్తం అనడం తొందరపాటే. పెద్ద కుదుపు పోయింది. ఊరి నడిబొడ్డులో కారు వేగంగా నడిపితే చిన్న చిన్నవి మిగిలాయి. ఈ ప్రాసెసర్‌కు ఉన్నవి నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లే, అంటే ఒకేసారి నాలుగు పనులే చేయగలదు. గేము నాలుగింటినీ నూటికి నూరు వాడేస్తే విండోస్‌కు చోటుండదు. ఎఫ్‌పీఎస్ 60 దాటకుండా కట్టేసి, పాపులేషన్ డెన్సిటీ (గేము వీధుల్లో రద్దీ) సగానికి దించాక అవి కూడా చాలావరకు తగ్గాయి. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (అంతకంటే వేగంగా చదివే డిస్క్) వేశాక కొత్త వీధిలోకి తిరిగినప్పుడు వచ్చే తడబాటు పోయింది, ఎఫ్‌పీఎస్ మాత్రం దానివల్ల పెరగలేదు. 750 టీఐని ఇందాక పొగిడాను గానీ, 2 జీబీ మెమరీతో టెక్స్చర్లు (గోడలు, రోడ్ల మీద కనిపించే నునుపు వివరాలు) పైకి పెడితే మళ్లీ ఇబ్బందే. కడప బండల నేల చల్లగా ఉంటుందని సీపీయూను నేల మీదే పెట్టేవాళ్లం. చల్లదనం కంటే దుమ్మే ఎక్కువ ఎక్కింది. ఇప్పుడు స్టూలు మీద ఉంటుంది.

మరి ఇలాంటిది కొనొచ్చా అని పక్కింటి అబ్బాయి అడిగాడు. కొత్త గేముల కోసమైతే వద్దన్నాను. ఈ ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 (కొన్ని లెక్కలు వేగంగా చేసే ఏర్పాటు) లేదు, అది కావాలనే గేములు తెరుచుకోవు కూడా. విండోస్ 11కి ఇది అర్హత లిస్టులో లేదు, విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఎన్విడియా కూడా ఈ తరం కార్డులకు గేము డ్రైవర్లు అదే అక్టోబరుతో ఆపి, ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే ఇస్తానంది. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం అమ్మే ముందు ఒక్కసారి డోరు విప్పి పిన్నులు చూసుకోండి. మాకు పాత గేములు చాలు, డీటీపీ పనికి ఇది దండిగా సరిపోతుంది, ఏసీ గది లేదు, కొత్తది కొనే డబ్బు తమ్ముడి డిగ్రీ అయ్యేదాకా ఉండదు. కాబట్టి నా మాటలు నా ఇంటి లెక్కతో చెప్పినవే.

ఏటా మార్చిలో శివరాత్రి అయ్యాక ఒకసారి విప్పి తుడుస్తున్నాం. వచ్చే ఏడాది తమ్ముడు పీజీకి తిరుపతి పోతే సిస్టమ్ వాడితోనే పోతుంది. ఈసారి బస్సులో సీపీయూను ఒళ్లో పెట్టుకుని తీసుకుపోతానన్నాడు. దిగాక ముందు పిన్నులు నొక్కి చూడమని చెప్పాను.