కంటైనర్ ఇంట్లో కాపరం: ఎండ గురించి అందరూ చెప్తారు, చెమ్మ గురించి ఎవరూ చెప్పరు

కంటైనర్ ఇల్లు కొందామనుకునేవాళ్లందరూ నన్ను అడిగేది ఒక్కటే, ఎండాకాలం ఎలా ఉంటాది అని. ఎండ సంగతి ముందే తెలుసు కదా, దానికి ఏం చెయ్యాలో కూడా అందరూ చెప్తారు. నాకు కోపం చెమ్మ మీద. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రానికి దగ్గర్లో, కొబ్బరి తోటలో ఇనప పెట్టెలో ఏళ్లబట్టి కాపరం చేస్తున్నాను కాబట్టి చెప్తున్నా, ఈ ఇంట్లో నన్ను ఏడిపించింది నీళ్లు. ఆ నీళ్లు వానవి కావు, మా ఇంట్లోనే పుట్టినవి.

కొలతలూ రేట్లూ వీడియోల్లో బోలెడు ఉన్నాయి, వాటి జోలికి పోను. మేము ఎందుకు తీసుకున్నామో మాత్రం చెప్పాలి, ఎందుకంటే నేను చివర్లో చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంటాది. 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా అత్తారి పెంకుటిల్లు కప్పు సగం లేచిపోయింది, తోటలో కొబ్బరి చెట్లు వరసలకి వరసలు పడిపోయాయి. కొబ్బరి మళ్లీ వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడతాది, జీడి కూడా వెంటనే చేతికి రాదు, అంటే తోట మీద వచ్చే డబ్బు చూసుకుని స్లాబు ఇల్లు కడదాం అనుకున్న మా లెక్కంతా ఆ ఒక్క రాత్రితో పోయింది. మా ఆయనది పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో ఉద్యోగం, నాది ఇంటి దగ్గర కుట్టుపని. అత్త పాతిల్లు వదిలి ఎక్కడికీ రానంది. అందుకని అదే పెరట్లో, ఆవిడ కేకేస్తే వినపడే దూరంలో, పాత షిప్పింగ్ కంటైనర్‌ని ఇల్లుగా మార్చి అమ్మేవాళ్ల దగ్గర 20 అడుగులది తీసుకుని క్రేన్‌తో దింపించుకున్నాం.

మొదట్లో నేను దీన్ని తెగ మెచ్చుకున్నా. దింపిన వారానికే కరెంటు, ఫ్యానూ, పొయ్యీ అన్నీ ఉన్నాయి, పునాది తవ్వకం లేదు, మేస్త్రీ కోసం ఎదురుచూడ్డం లేదు, చెద లేదు, ఎలకల బెడద లేదు, ఊడ్చి తుడిచేసుకోడానికి పావుగంట చాలు. 2021 సెప్టెంబర్ 26 ఆదివారం రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటినప్పుడు అత్తని కూడా మా దాంట్లోకే తెచ్చుకున్నాం. నాలుగు మూలలూ సిమెంటు దిమ్మల్లో దించిన ఇనప ప్లేట్లకి వెల్డింగ్ చేయించి ఉంది, అస్సలు కదల్లేదు. ఆ రాత్రి తర్వాత మా చుట్టాలందరికీ ఇల్లంటే ఇదే, కొనుక్కోండి అని చెప్పా. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా చెప్పలేను. గులాబ్ గాలి గంటకి 75, 85 కిలోమీటర్లు, తిత్లీది 140 పైన. మా పెట్టె చూసింది చిన్న తుపాన్నే, పెద్దదాన్ని ఇంకా చూడలేదు. అదీకాక తుపాను ఏడాదికి ఒక రాత్రో రెండు రాత్రులో, మిగతా రోజులన్నీ అందులో వండుకోవాలి, పడుకోవాలి, బట్టలు దాచుకోవాలి.

బట్టల దగ్గరే మొదలైంది అసలు కథ. అత్త ఇంటి కప్పు మీద ఇంకా టార్పాలినే ఉంది, వానకి ట్రంకు పెట్టె తడుస్తాదని ఆవిడ మావయ్య గారి పొందూరు పంచెలు తెచ్చి మా బీరువాలో పెట్టమంది. ఆయన పోయాక ఆ పంచెలు ఎవరికీ ఇవ్వలేదు, సన్న నూలు, గంజి పెట్టి మడతేసి ఉంచుతాది, ఏడాదికోసారి తద్దినం నాడు మా ఆయన కట్టుకుంటాడు. ఇనప ఇంట్లో భద్రంగా ఉంటాయని ఆవిడ నమ్మకం, నాదీ అదే నమ్మకం.

ఆ ఏడు సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్లు వచ్చారు. మంచు బాగా పడుతోంది, పిల్లలకి చలేస్తాదని కిటికీలు మూసేసి లోపలే అరిసెలు వండాం, రాత్రి అందరం అక్కడే సర్దుకుని పడుకున్నాం. తెల్లారకముందే చిన్నోడు లేచి ఏడుపు, మొహం మీద నీళ్లు పడుతున్నాయని. లైటేసి చూస్తే సీలింగ్ మీద వరసగా, గీత గీసినట్టు, అడుగున్నరకి ఒక వరస చొప్పున చుక్కలు వేలాడుతున్నాయి. పరుపు తడిసింది, స్విచ్చుబోర్డు పక్కనుంచి ధార కారుతోంది. భోగి మంటకి మమ్మల్ని లేపడానికి వచ్చిన అత్త గుమ్మంలోనే ఆగిపోయి, "ఏటే పిల్లా, ఇల్లు ఏడుస్తన్నాదేటి!" అంది.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే వెంటనే చెప్పిన మాట, పైన లీకేజీ ఉందమ్మా అని. మనిషిని పంపారు, అతను పైకెక్కి అతుకులన్నిటికీ సిలికాన్ పూసి, డబ్బులు తీసుకుని వెళ్లాడు. వారం తిరక్కుండా మళ్లీ కారింది. రెండోసారి వచ్చి కప్పు మొత్తం తారు షీటు అతికించారు, దానికి వేరే బిల్లు. మళ్లీ కారింది. పుష్యమాసంలో మా ఊళ్లో చుక్క వాన పడలేదు, పడని వానకి లీకేజీ ఎలా వస్తాదండీ అని నేనడిగితే సమాధానం లేదు. నా కోపం అక్కడే. వాళ్లు కంటైనర్లు అమ్ముకునేవాళ్లు, వాళ్లకి తెలియని విషయం కాదిది.

తెలిసిన మనిషి మాకు మా ఆయన ఫ్యాక్టరీలోనే దొరికాడు. గోదాములో జీడిపిక్కల బస్తాలు చూసుకునే పెద్దాయన, చిన్నప్పట్నుంచీ ఆ పనే. వచ్చి సీలింగ్ కేసి ఒకసారి చూసి, "ఇది పైనుంచి రాలేదు తల్లీ, మీ లోపల్దే. ఆఫ్రికా పిక్కలు వచ్చేది కంటైనర్లలోనే కదా, వాన చుక్క తగలకపోయినా పైవరస బస్తాలు తడిసి బూజెక్కి వస్తాయి" అన్నాడు. పిక్కల్లో ఉన్న తేమ పగలు ఆవిరై పైకి లేస్తాది, రాత్రి కప్పు రేకు చల్లబడగానే దానికి తగిలి నీళ్లై బస్తాల మీద పడతాది. అందుకే ఓడల సరుకు పంపేవాళ్లు తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ సంచులు లోపల వేలాడదీస్తారంట. సరుక్కి తీసుకునే ఆ జాగ్రత్త మనుషులుండే ఇంటికి ఎవరూ ఎందుకు తీసుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నమ్మకం కుదరడానికి ఆయన ఒక పరీక్ష చెప్పాడు, మీరూ రాసుకోండి. సీలింగ్ ఒకచోట గుడ్డతో పొడిగా తుడిచి, జానెడు ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టి నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు అతికించాలి. పొద్దున్న చూస్తే నీళ్లు కవరుకీ సీలింగ్‌కీ మధ్య ఉంటే పైనుంచి లీకు. కవరుకి ఇవతల, గది వైపు ఉంటే అది ఇంట్లో గాలిలోంచి వచ్చిన నీళ్లు. మాకు గది వైపే వచ్చాయి, మధ్యలో పొడిగా ఉంది. సిలికాన్‌కీ తారు షీటుకీ పెట్టిన డబ్బంతా దండగ అని ఆ జానెడు ముక్క తేల్చేసింది.

తర్వాత మా మేనల్లుడు, డిగ్రీ కెమిస్ట్రీ చదివాడు, లెక్కేసి చెప్పాడు: వంట గ్యాస్ ఒక కిలో కాలితే కిలోన్నర పైనే నీటావిరి వస్తాది, అంటే 14.2 కిలోల సిలిండరు అయిపోయేసరికి రమారమి 22 లీటర్ల నీళ్లు ఇంట్లోకి వదిలినట్టే. ఇది మంటలోంచి వచ్చేది మాత్రమే, అన్నం గంజి ఆవిరి, మన ఊపిరి, లోపల ఆరేసిన బట్టలు అన్నీ దీనికి అదనం. పెద్ద పెంకుటింట్లో ఆ ఆవిరి పెంకుల సందుల్లోంచి పోతాది, మట్టిగోడ కొంత పీల్చుకుని ఎండలో వదిలేస్తాది. ఇనుము పీల్చదు, వదలదు. పైగా మబ్బు లేని రాత్రి రేకు కప్పు బయటి గాలికన్నా కూడా చల్లబడిపోతాది, పొద్దున్నే కారు టాపు మీద మంచు కనపడేది అందుకే. కప్పుకీ సీలింగ్‌కీ మధ్యలో గ్లాస్‌వూల్, అదే వేడీ చలీ దిగకుండా పెట్టే గాజు దూది, పెట్టారు కదా అని అడగొచ్చు. పెట్టారు, కానీ దాన్ని పట్టుకునే ఇనప పట్టీలు కప్పు నుంచి సీలింగ్ ప్లైవుడ్‌దాకా నేరుగా తగులుతూ ఉన్నాయి, చలి వాటి వెంబడే దిగింది. చుక్కలు గీత గీసినట్టు వరసగా పట్టింది ఆ పట్టీల కిందే.

ఇదంతా తెలిసిన రోజే బీరువా జరిపి చూశా. గోడకి ఆనించి పెట్టినది, వెనక గాలి తగలదు, గోడంతా నల్లగా బూజు. లోపల ముక్కిన వాసన. నా పట్టుచీరలు పైన ఉన్నాయి కాబట్టి బతికాయి. అడుగున ఉన్న పంచెలు మడతల దగ్గర నల్ల చుక్కలు పడిపోయి ఉన్నాయి, గంజి పెట్టిన నూలంటే బూజుకి తిండి పెట్టినట్టే. నిమ్మరసం రాసి ఎండలో వేశాం, రెండు మూడు ఉతుకులు ఉతికాం, బట్ట చెడలేదు గానీ మచ్చలు పోలేదు. అత్త నన్నేం అనలేదు, కానీ ఆ తర్వాత ఏ వస్తువూ మా ఇంట్లో దాచమని ఇవ్వలేదు. ఈ సమీక్షలో నేను ఎన్ని మార్కులు తగ్గించినా ఆ పంచెలకి సరిపోవు.

ఇప్పుడు ఎలా ఉంది అంటే, బాగుంది, కానీ డబ్బు పెట్టాకే బాగుంది. ముందు పొయ్యి బయటికి తెచ్చేశాం, పెట్టెకి ఆనుకుని వసారా దింపి అందులోనే వంట. పైన రేకు మీద అడుగున్నర ఖాళీ వదిలి ఇంకో కప్పు వేయించాం, తాటాకుతో. ఈ రెండో కప్పు ఎండాకాలం నీడకని అందరూ వేయిస్తారు, నాకు దాని అసలు విలువ శీతాకాలంలో తెలిసింది, పెట్టె నేరుగా ఆకాశానికి ఎదురుగా ఉండదు కాబట్టి రాత్రి అంతలా చల్లబడదు. తాటాకు రెండు మూడేళ్లకోసారి మార్చాలి, తుపాను వస్తే ముందు పోయేది అదే. గోడకి కింద ఒకవైపు, పైన రెండోవైపు జాలీలు కోయించాం, చలైనా సరే అవి మూయం. బీరువా గోడకి బెత్తెడు ఎడంగా జరిపాం. ఇప్పుడు మంచు బాగా పడ్డ రోజు కిటికీ ఫ్రేము మీద కాస్త చెమ్మ తప్ప చుక్క కారడం లేదు.

అయితే ఈ ఖర్చులన్నీ కలిపితే తక్కువలో అయిపోయింది అని నేను అప్పట్లో అందరికీ చెప్పిన మాట నిలబడదు. పెట్టె ధర, క్రేను, దిమ్మలు, బయట బాత్రూము, వసారా, రెండో కప్పు, జాలీలు, ఇంత పెట్టేసరికి ఒక గది స్లాబు ఇల్లు మొదలెట్టేంత డబ్బు అయ్యింది. తొందరగా అయిందన్నది నిజమే, ఆ రోజుల్లో మాకు కావాల్సింది కూడా అదే.

ఇంకోటి, ఇది టైనీ హౌస్, అంటే బుల్లి ఇల్లు, అని గొప్పగా చెప్పుకోడానికి మాకేం లేదు. పీఎం ఆవాస్ గ్రామీణ్ కింద కట్టే ఇల్లే వంటకి చోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలంటారు, మా పెట్టె 15కి కూడా అందదు. మా ఆయన నాయనమ్మ వాళ్లది చుట్టిల్లు, గుండ్రటి మట్టిగోడ, తాటాకు కప్పు నేలకి దగ్గరగా దిగి ఉండేది, మన తీరంలో అవి ఇప్పుడు వెతికితే గానీ కనపడవు. అదీ ఇంతే ఉండేదంట, అందులోనే పొయ్యి. కానీ పొగా ఆవిరీ తాటాకులోంచి బయటికి పోయేవి, ఆ పొగకే ఆకు పురుగు పట్టకుండా ఉండేది, గాలి గుండ్రటి గోడ చుట్టూ జారిపోయేది. చోటు చిన్నదైనందుకు వాళ్లెవరూ చెమ్మతో బాధపడ్డట్టు అత్త చెప్పలేదు. అమెరికాలో ఈ టైనీ హౌస్‌లకి చక్రాలు పెట్టింది చాలాచోట్ల ఇల్లు కనీసం ఇంత ఉండాలనే రూల్స్ తప్పించుకోడానికి, అక్కడి చలికి మూసుకుని ఉండేలా కట్టుకుంటారు. ఆ డిజైను వీడియో చూసి తెచ్చి మన సముద్రపు గాలిలో పెడితే నాకు జరిగిందే జరుగుతాది.

మా మరిది ఉన్నాడు, పాత వ్యాను కొని లోపల మంచం పొయ్యి పెట్టించి అరకు నుంచి గోపాల్‌పూర్‌దాకా తిరుగుతా అంటాడు. నేను వద్దనలేదు గానీ రెండు విషయాలు చెప్పా. ఒకటి, సొంతంగా బండి మార్చేస్తే కుదరదు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా మార్చాలంటే అనుమతి కావాలి, క్యారవాన్లకి ఏఐఎస్-124 అని వేరే ప్రమాణమే ఉంది. రెండోది నా సొంత గోడు: వ్యానంటే నాలుగు వైపులా రేకే, మా పెట్టెకన్నా చిన్నది, చలికి అద్దాలు మూసుకుని లోపల పడుకుంటారు, పొద్దున్న అద్దాల మీద చూడు అని. నాకు వసారా ఉంది, వ్యానుకి వసారా ఎక్కడ్నించి తెస్తాడు? నాలుగు రోజులు తిరిగి రావడానికైతే పర్లేదు, అద్దెకి తీసుకుని ఒక చలికాలం చూసి అప్పుడు కొనుక్కోమన్నా.

మరి కొనొచ్చా అని అడిగితే, మాకు పనికొచ్చింది, అది కూడా పక్కనే అత్త ఇల్లు ఉంది కాబట్టి. పండక్కి చుట్టాలొస్తే అక్కడే పడుకుంటారు, నా కుట్టుమిషను వానాకాలం అక్కడే, ధాన్యం బస్తాలు అక్కడే. అత్త ఇంటికి మొన్నే కొత్తగా పెంకు నేయించాం, పంచెలు తిరిగి ఆవిడ ట్రంకులోకి వెళ్లాయి. ఆ ఇల్లు లేకుండా పిల్లలతో ఇందులో మాత్రమే ఉండాల్సి వస్తే నేను ఒక ఏడాదికి మించి ఉండేదాన్ని కాదు. మీకు సొంత స్థలం ఉండి, ఇద్దరే ఉండి, వంట బయట పెట్టుకోడానికి అభ్యంతరం లేకపోతే ఆలోచించండి. అడ్వాన్సు ఇచ్చే ముందు అమ్మేవాళ్లని ఒకటే అడగండి, కప్పు ఇనప పట్టీలకీ లోపలి సీలింగ్‌కీ మధ్య ఏం పెట్టారు అని. గ్లాస్‌వూల్ ఉందమ్మా అంటే సరిపోదు, పట్టీల మీద ఏముందో విప్పి చూపించమనండి. విజయనగరం వైపు కొండల దగ్గర పెట్టుకుంటే ఉప్పుగాలి బాధైనా తప్పుతాది, మాకు తూర్పు వైపు గోడ అడుగున రంగు పొరలు లేస్తోంది, ఈ వానలు వెళ్లాక గీకించి తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు కొట్టించాలి, ఆ ఖర్చు ఎంతయ్యిందో అప్పుడు ఇక్కడే కలుపుతా.